గుడ్ల గదిలో కుర్చీ

ముందే చెప్పేస్తున్నాను: నేను కోతలు కోస్తాను. రెంటచింతల పక్కన మా ఊళ్ళో ఎండాకాలం కాకులు గొడుగు పట్టుకుని ఎగురుతాయని నలుగురిలో చెప్పి నమ్మించినవాణ్ణి. కాబట్టి ఇందులో కొంత తగ్గించి చదువుకోండి. పూర్తిగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెబుతాను.

మా అమ్మాయి ఊళ్ళోనే గవర్నమెంటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఒక రోజు పొద్దున అసెంబ్లీలో మైకు ముందు వార్తలు చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. వెనక వరసలు నవ్వాయి. మర్నాటి నుంచి బడివేళకి కడుపునొప్పి. ఆదివారం మాత్రం నొప్పికి కూడా సెలవే.

ఊరి ఆరెంపీ డాక్టరు ఇచ్చిన మందులతో ఎకరం పత్తికి పిచికారీ చేయొచ్చు. నరసరావుపేటలో స్కానింగ్ తీయిస్తే కడుపు బంగారంలా ఉంది. మా ఆవిడ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. పల్నాటి మిరపకాయలకి ఘాటు రాకుండా ఉంటుందా? కృష్ణ అవతల తెలంగాణ వాళ్ళు కూడా తుమ్మి తలుపులేసుకున్నారు.

"ఘాటొచ్చింది. దిష్టి కాదయ్యా, ఇంకేందో ఇది," అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

పిల్ల కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. చివరికి ఒక పూట, "నేనింక బడికి పోను నాన్నా. మానేస్తా," అంది. ఆ మాటని నేను పిసరంత కూడా పెంచలేదు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం మా బడికి ఒక కౌన్సెలర్ మేడమ్‌ని పంపింది, గురువారం గురువారం వచ్చేట్టు. పిల్లల మనసులో ఏముందో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని వినడం ఆవిడ పని. విడిగా ఒక గది ఇచ్చి, రంగు వేసి, పైన 'మానసిక ఆరోగ్య కేంద్రం' అని బోర్డు పెట్టారు. ఆ అక్షరాల సైజుకి మాచర్ల బస్సు డ్రైవరు స్టాపు అనుకుని బ్రేకు వేసేవాడు. లోపల మేడమ్, ఫ్యాను, ఎదురుగా ఖాళీ కుర్చీ. ఒక్క పిల్లా ఆ గడప తొక్కలేదు.

నేను పంపుదామనుకునేసరికి పక్కింటి పిన్ని అరుగు మీద కోర్టు పెట్టింది.

"ఒరేయ్, ఆడపిల్లరా! పిచ్చి గదిలోకి పంపుతావా? నలుగురూ ఏమంటారు?"

"నలుగురెందుకు పిన్నీ, అనడానికి నువ్వొక్కదానివి చాలుగా."

"అంటా. చానా అంటా. నేననకపోతే నీ పిల్లని పట్టించుకునేదెవర్రా?"

ఇంతలో వాన పడి ఆ గది కారింది. మేడమ్ కుర్చీని వంటషెడ్డు పక్కన, మధ్యాహ్న భోజనం గుడ్లు దాచే గదిలోకి మార్చారు. చుట్టూ గుడ్ల అట్టలు కొండవీటి కోటలా లేచి ఉంటే మధ్యలో మేడమ్. ఆవిడ ఊరికే కూర్చోలేక, పగిలినవి ఏరడానికి సాయం రమ్మని ఒక్కొక్కరినే పిలిచింది. చేతిలో గుడ్డుంటే కళ్ళు దానిమీదే ఉంటాయి, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. పైగా గుడ్ల గదికి పోయినవాళ్ళని మా ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. మా పిన్ని కూడా, "పోతే పోనీ, నాకో రెండు తెమ్మను," అంది.

బడికి కాదు, గుడ్లు ఏరడానికే అని చెప్పి బండి మీద దింపితే మా అమ్మాయి కూడా పోయింది.

"ఏం మాట్లాడారమ్మా?"

"గుడ్లు సర్దాం నాన్నా."

ప్రతి గురువారం ఇదే జవాబు. కానీ ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని, "ఇంకొంచెం పప్పెయ్యమ్మా," అంది. మా ఆవిడ వేసిన పప్పుకి ఎత్తిపోతల జలపాతం సిగ్గుపడాలి. నేను కొళాయి దగ్గరికెళ్ళి కడుక్కున్న మొహమే మళ్ళీ కడుక్కున్నాను.

తర్వాత బోర్డున్న గది బాగుచేశారు. తనిఖీకి వచ్చిన అధికారి గుడ్ల మధ్య మేడమ్‌ని చూసి నివ్వెరపోయాడు. పేరెంట్స్ కమిటీ సభ్యుడి హోదాలో నేనక్కడే ఉన్నాను. కుర్చీ మళ్ళీ బోర్డు కిందికి పోతే మా పిల్ల కూడా మళ్ళీ మంచమెక్కుతుందని నా భయం.

"అంత మంచి గది పెట్టుకుని ఇక్కడేంటమ్మా?"

"బోర్డు దగ్గరికి పిల్లలు రారు సార్. గుడ్ల దగ్గరికైతే వస్తున్నారు," అంది హెడ్మిస్ట్రెస్.

ఆయన చేతిలో ఫైలు మూశాడు. "సరే, బోర్డు ఆ గదికే ఉండనీయండి. మేడమ్ ఇక్కడే ఉంటారు."

నేను వదిలిన ఊపిరికి గుడ్ల అట్టలు ఊగాయి.

మొన్న మా అమ్మాయి మళ్ళీ అసెంబ్లీలో వార్తలు చదివింది. గుక్క తిప్పుకోకుండా, బెల్లంకొండ దాకా వినపడేట్టు.

ఇప్పుడు మాట ప్రకారం చెప్పాలి. కాకులు, తుమ్ములు, కోటగోడలు నేను సాగదీసినవని మీకెలాగూ తెలుసు. పూర్తిగా కల్పించింది ఆ గుక్క సంగతే. పిల్ల మళ్ళీ ఒకచోట ఆగింది. వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. గేటు బయట నేను కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. పిల్ల కాగితంలోంచి తలెత్తి అటు చూసింది. తర్వాత ఆ వాక్యం మొదటికి వెళ్ళి, నెమ్మదిగా చివరిదాకా చదివింది.

మర్నాడు పొద్దున నేనింకా కాఫీ తాగుతుంటే సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

"బండి తియ్యి నాన్నా, లేటవుద్ది!"