ఒక ఇల్లు తక్కువైన రొట్టె

మా అవ్వ సువార్తమ్మే లేకపోయుంటే ఆదోనిలో ఏసుప్రభువు పస్తుండేవాడు. మా పేట చర్చిలో నెలకొక ఆదివారం అందరూ పంచుకుని తినే ప్రభువు బల్లకు రొట్టె చేసేది ఆమే మరి.

దానికొక పద్ధతి పెట్టుకుంది. బల్ల ఆదివారానికి ముందునాడు గిన్నె పట్టుకుని, చర్చికొచ్చే ప్రతి ఇంట్లో పిడికెడు జొన్నపిండి అడిగి తెచ్చేది. అంతా కలిపి ఒకటే రొట్టె తట్టేది. ఆమె కొంగు పట్టుకుని నేను వెనకే. జిన్నింగు మిల్లుల దూది నూగు గాలిలో తేలుతూ వచ్చి ఆమె తల మీద వాలేది. ఏది దూదో, ఏది నెరిసిన వెంట్రుకో తెలిసేది కాదు.

డెబ్బై ఏడులో క్రిస్మస్‌కని అవ్వ ఎమ్మిగనూరు నేతచీర తెచ్చుకుంది. ఉతికి ఆరేస్తే, మా పేటలోనే ఉండే కరుణమ్మ మేక దాని అంచు నమిలేసింది. మిల్లులో పక్కపక్కన కూర్చుని దూది ఏరే ఇద్దరికీ మాటలు ఆగిపోయినాయి. ఆ నెల అవ్వ గిన్నె కరుణమ్మ గడప దగ్గర ఆగలేదు.

ఆదివారం పాస్టరు ప్రభుదాసు అయ్యగారు రొట్టె విరిచినారు. పళ్ళెం అవ్వ చేతికి వచ్చి, అట్లే పక్కకు పోయింది. మరుసటి నెలా అంతే. తన రొట్టె అందరూ తింటుంటే ఆమె కళ్ళు మూసుకుని, నీళ్ళ అడుగున కూర్చున్న మనిషిలా ఉండేది.

"ఏమవ్వా, రొట్టె మాడిందా?" అని గిల్లినాను.

"ఒక ఇల్లు తక్కువైంది కదే. ఎట్ల మింగేది?"

చీర గుర్తొస్తే మాత్రం పళ్ళు కొరికేది.

ఒక శనివారం పొద్దుగూకింది. పేటంతా పొయ్యిల పొగలో తేలుతున్నట్టుంది. అవ్వ కరుణమ్మ ఇల్లు దాటి పోబోయి ఆగింది. గిన్నె చాపింది. లోపల కుండ గీకిన చప్పుడు. కరుణమ్మ వచ్చి ఒక పిడికెడు వేసింది. మళ్ళీ వేసింది. ఇంకా వేస్తానే ఉంది.

"ఇంత యాలమ్మా?" అంది అవ్వ.

"నువ్వు అడగని నెలలవి గూడా. ఎత్తిపెట్టినా."

అవ్వ గిన్నెను రెండు చేతులా పట్టుకుంది. "ఆ మేకను కట్టేసుకో," అంది. 

తెల్లారి చర్చిలో అవ్వ రొట్టె ముక్కను నమలకుండా నోట్లోనే పెట్టుకుని కూర్చుంది. పక్కన కరుణమ్మ. కిటికీలోంచి దూది నూగు వచ్చి ఇద్దరి తలల మీదా వాలింది.

ఇన్నేళ్ళకు ఇది రాసి, మెచ్చుకుంటుందని మొదటి వాక్యం అవ్వకు చదివి వినిపించినాను.

"ఆయన యాడ పస్తున్నాడే? పస్తుండింది నేను. కొట్టేసి సరిగ్గా రాయి."