కడపటి చోటు

మా వదిన, అంటే మా వారి అక్క, సొంత చాప చంకన పెట్టుకుని మందిరంలోకి వచ్చి, నేరుగా గుమ్మం దగ్గర కూర్చున్న నా వైపు నడిచింది. ఆవిడ ఎప్పుడూ ముందు వరసలో పాస్టరమ్మగారి పక్కన కూర్చునే మనిషి.

"కాస్త జరుగమ్మా," అంది. "ఇవాళ్టి నుంచి నాది కడపటి చోటే."

పోయిన ఆదివారం పాస్టరుగారు ఆ మాట మీదే ప్రసంగించారు. విందుకి పిలిస్తే అందరికన్నా వెనక కూర్చోమని ప్రభువు చెప్పాడన్నారు. భవానీపురంలో మాది రేకుల షెడ్డు మందిరం. వాక్యం అందరికీ బాగా ఎక్కినట్టుంది.

నేను గుమ్మం దగ్గర కూర్చునేది నన్ను నేను తగ్గించుకోడానికి కాదు, పాప కోసం. దానికి ఆయాసం. ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు వైపు నుంచి బూడిద గాలి వచ్చినా, జనంలో ఉక్కపోసినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. గుమ్మం దగ్గరైతే గాలాడుతుంది, ముదిరితే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తొచ్చు.

వదిన వెనకే ఒక రిటైర్డు టీచరమ్మగారు వచ్చి ఇంకో జానెడు వెనక చాప పరిచారు. వదిన తన చాప అంతకన్నా వెనక్కి లాగింది. టీచరమ్మగారు వరండాలోకి వెళ్ళి చెప్పుల మధ్య కూర్చున్నారు.

"అక్కడెందుకండీ, మీ స్థాయికి?" అంది వదిన.

"నాకు స్థాయేముందండీ, ధూళిని."

"మీరు ధూళైతే నేను ధూళిలో ధూళినండీ. కొంచెం జరగండి."

ఆవిడ జరగలేదు. వదిన సరిగ్గా గడప మీద కూర్చుంది. మిగతా ఆడవాళ్ళంతా ఆవిడ చుట్టూ ఇరుక్కున్నారు.

"అమ్మా, గడపటి చోటంటే ఇదేనా?" అన్నాడు మా పెద్దవాడు. "మరి గడప మీద కూర్చోకూడదంటుందిగా నాయనమ్మ?"

ఈలోపు పాప ఛాతీలో కూతలు మొదలయ్యాయి.

"వదినా, కాస్త దారివ్వండి. పాపకి గాలి ఆడట్లేదు."

"ముందంతా ఖాళీయేగా. ఫ్యాను కూడా అక్కడే ఉంది."

"అక్కడ కూర్చుంటే ఏమనుకుంటారండీ?"

"ఏమనుకుంటారు, గర్వం అనుకుంటారు," అంది ప్రశాంతంగా.

పాపని భుజాన వేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని ఖాళీ తివాచీ మీద నడిచాను. చదువుకుంది కదా, అని వెనక ఎవరో గొణిగారు. పాస్టరుగారు మైకు పట్టుకుని ఒక్కరే నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి స్టాండు ఫ్యాను పాప వైపు తిప్పారు. ఆయన ప్రసంగం కాగితాలు ఎగిరిపోయాయి. వాటిని మావాడు ఏరుతుంటే, ఆయన చెమట తుడుచుకుంటూ గుర్తున్నంత వరకు చెప్పారు.

నా ప్రార్థనలన్నీ భయాలే. జ్వరం రాకూడదు, ఆటో బోల్తా పడకూడదు, నలుగురిలో మాట పడకూడదు. ఆ చివరిది అప్పటికే అయిపోయింది. మిగతావి కూడా ఎందుకో నోటికి రాలేదు. తల వంచుకుని పాప ఊపిరి వింటూ కూర్చున్నాను. కూతలు సన్నగిల్లాయి. కాసేపటికి నా ఒళ్ళో నిద్రపోయింది. వీపు వెనక అంతమంది చూస్తున్నా, పెళ్ళయ్యాక అంత నిమ్మళంగా నేను కూర్చున్నది లేదు.

మర్నాడు పొద్దున పాలు తాగుతూ మావాడు అడిగాడు. "వచ్చే వారం ఎక్కడ కూర్చుందాం?"

"ముందు. ఫ్యాను దగ్గర."

"అత్త గర్వం అంటుందిగా?"

"అననీ. వందనాలు అత్తా అని చెప్పి, నువ్వూ చెల్లీ చేతులు పట్టుకుని ముందుకి నడవండి. అత్త చాప మాత్రం తొక్కకండి."