మెత్తబడిన గడ్డ ముందు

ఓర్వకల్లు దగ్గర ఉండే మా అత్త ముక్కుకు భయపడని ఎర్రగడ్డ లేదు. ఇంటి వెనక పండిన ఉల్లిగడ్డలన్నీ గాలి ఆడేటట్టు కట్టెల మంచె మీద పరిచి, రోజూ తెల్లారగానే మంచె పక్కన నేల మీద కూర్చుని ఒక్కొక్కటే వాసన చూసేది. వీధి చివరి ఇంట్లో కోసే గడ్డ కుళ్లిందని కూడా కూర్చున్న చోటి నుంచే చెప్పేది. ఇందులో నేను కలిపింది కొంచెమే.

మంచివి వానాకాలం దాటాలని ఆమె పంతం. అందుకని మెత్తబడినవే ఏరి, చెడిన భాగం కోసేసి కూరలో వేసేది. మరునాటికి మంచివాటిలో ఇంకొన్ని మెత్తబడేవి. అలా ఆ ఇంట్లో ఏళ్ల తరబడి మంచి గడ్డ తిన్నవాళ్లు లేరు.

"మంచిది యాడికీ పోదులే అల్లుడా. ఇదైతే ఈ పొద్దే పోతాది," అనేది.

మొన్న వెళ్లేసరికి మంచె చుట్టూ ఈగలు. అత్త మోకాళ్లు పట్టుకుని గడప మీద ఉంది. నేల మీద కూర్చుంటే లేవలేకపోతోందట. నేను ఏరబోతే వద్దంది.

"ఈ పొద్దు నువ్వు ఏర్తావు. రేపు మీ మామ ఏరాల. ఆయప్పకు మంచిదీ కుళ్లిందీ ఒకటే."

సంగటి పెట్టి, గట్టిగా ఉండి మెరుస్తున్న మంచి గడ్డ ఒకటి తీసుకుని, నాలుగు ముక్కలు కోసి నా పళ్లెంలో వేసింది.

"తిను. పోయేటప్పుడు సంచి నిండా ఏసుకోని పో."