బల్లకట్టు మీద లెక్క

1984 చలికాలం. గురజాల నుంచి ఉత్తరంగా పోతే కృష్ణ ఒడ్డున మా రేవు, అవతలి గట్టు నల్గొండ జిల్లా. అప్పటికి ఆరేళ్లుగా నేను అక్కడ బల్లకట్టు నడుపుతున్నాను. బల్లకట్టంటే తెప్ప అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మాది రెండు ఇనప పాంటూన్ల మీద కట్టింది. పాంటూన్ అంటే అన్నివైపులా మూసేసిన పొడవాటి ఇనప పెట్టె. లోపల గాలి తప్ప ఏమీ ఉండదు కాబట్టి తేలుతుంది. రెండింటి మధ్య మనిషి పట్టేంత సందు వదిలి, పైన దూలాలు వేసి, వాటి మీద చెక్కలు పరుస్తారు. పక్కన కట్టిన ఇంజను పడవ దాన్ని లాక్కుపోతుంది.

పొరుగూరివాళ్లకు టిక్కెట్టు ఉండేది. మా ఊరివాళ్లకు లేదు, కోతలప్పుడు ఇంటికింత అని ధాన్యం కొలిచేవాళ్లు. ఎంతమంది ఎక్కారని నేనడిగితే, టిక్కెట్లు చింపే నాగులు ఎన్ని టిక్కెట్లు చించాడో చెప్పేవాడు. అది వేరు, ఇది వేరు అని ఆరేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దున ఏడు దాటినా మంచు విడవలేదు. అందరూ దుప్పట్లు ముసుగేసుకుని ఎక్కారు, ఎవరు ఎవరో తెలియదు. మధ్యలో ఒక ఎడ్లబండి నిలిపాం. సగం నది దాటాక ఉత్తరపు గాలి లేచింది, దాంతో అలలు లేచాయి. పాంటూన్ అంత తేలిగ్గా తిరగబడదు. బరువు మధ్యలో ఉన్నంతసేపు ఎంత అలనైనా ఓర్చుకుంటుంది. జనం భయపడి ఒక పక్కకు ఉరికితేనే మన పని అయిపోతుంది. ఒక అల చెక్కల మీదికి వచ్చి ఎడ్ల మొహాన కొట్టింది. అవి బెదిరి వెనక్కి తన్నుకున్నాయి. జనమంతా ఎడమ పక్కకు పరిగెత్తారు. ఆ పక్క మోకాలి లోతు మునిగింది, అంచున కట్టిన మోకు తెగింది, ఐదారుగురు నీళ్లలో పడ్డారు.

ముందు ఇంజను ఆపాను, దాని రెక్కలు మనుషుల్ని కోస్తాయని. మిగతావాళ్లను మధ్యలోకి వచ్చి కూర్చోమని కేకలేశాను. ఉన్న రెండు టైరు ట్యూబులూ తాళ్లకు కట్టి విసిరాం. ఒక్కొక్కరినే పైకి లాగాం. ఆఖరున దొరికింది మా ఊరి వీరయ్య. డెబ్బై దాటిన మనిషి, పావుగంట పైనే ట్యూబు పట్టుకుని వేలాడాడు.

నాగులు అందరి మధ్యా తిరిగి లెక్కపెట్టాడు.

"టిక్కెట్లు పంతొమ్మిది, పొరుగూరోళ్లు పంతొమ్మిది. సరిపోయింది సాంబయ్యా."

"మరి మనోళ్లు?"

"మనోళ్లు మనకు తెలవదా, అందరూ ఉన్నారులే."

నేనూ చుట్టూ చూశాను. ఉన్నట్టే అనిపించింది. అమ్మయ్య అని నవ్వుకుని ఇంజను వేశాను.

వీరయ్యను చెక్కల మీద పడుకోబెట్టాం. మొదట పళ్లు టకటకలాడేలా వణికాడు, కాసేపటికి వణుకు ఆగింది. తేరుకున్నాడని సంబరపడ్డాం. అక్కణ్ణుంచి మొదలైంది ఆయన మాట. నన్ను పట్టుకుని ఎప్పుడో పోయిన తమ్ముడి పేరుతో పిలిచాడు. ఎన్నడో అమ్మేసిన ఎడ్లను విప్పమన్నాడు. ఉక్కపోస్తోందని దుప్పటి తీసి అవతల పడేశాడు. చెక్కకు చెవి ఆనించి, "కోడలు కింద కొడతందిరా, తలుపు తియ్యండి," అన్నాడు.

మా వీధి లక్ష్మమ్మ పిన్ని, వీరయ్య కోడలు నిన్ననే పుట్టింటికి పోయిందనీ, ముసలాయనకు మతి పోయిందనీ కళ్లు తుడుచుకుంది. నాకూ అలాగే అనిపించింది.

అవతలి గట్టు చేరాం. జనం దిగి బండి తోలుకుపోయారు. టీ కొట్టు దగ్గర మంట వేశారని వీరయ్యను లేపబోతే ఆయన చెక్క వదల్లేదు, అదే మాట. నేనూ వంగి చెవి పెట్టాను. ధబ్ ధబ్ అంటోంది. పాంటూన్ల మధ్య సందులో నీళ్లు ఎప్పుడూ అలాగే కొడతాయి. అలదే అన్నాడు నాగులు. కానీ గట్టు దగ్గర అలలేవీ? పిచ్చి పట్టింది ఆయనకా నాకా అర్థం కాలేదు. ఇంకా ఆయన పక్కనే కూర్చున్న లక్ష్మమ్మను, పిన్నీ, ఆ పిల్ల పోతుంటే నువ్వు చూశావా అని అడిగాను.

"నేను చూళ్ళేదయ్యా, పోతదని అనుకుంటంటే విన్నా."

మనవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? ఎవరూ పెట్టలేదు.

దూకాను. నీళ్లు రొమ్ము దాకా ఉన్నాయి, ఊపిరి ఆగిపోయేంత చలి. సందులోకి తల పెట్టి చూస్తే వీరయ్య కోడలు రవణమ్మ ఉంది. ఒక చెయ్యి దూలం మీద మెలిపెట్టి వేలాడుతోంది. పడ్డప్పుడు అల ఆమెను పాంటూన్ కిందుగా సందులోకి తోసినట్టుంది, చీర కొంగు బోల్టుకు చిక్కుకుంది. రెండో చేతి పిడికిలితో పైచెక్కను కొడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. కొంగు కోసి బయటికి లాక్కొచ్చాను.

టీ కొట్టామె తలుపేసి తడిబట్టలు తీసేసి, పొడి దుప్పట్లలో, గోనెపట్టాల్లో చుట్టింది. వెచ్చగా ఉంటుందని ఎవరో సారా తెచ్చారు. ఆ ఊరి ఆరెంపీ డాక్టరు వద్దన్నాడు, కాళ్లూ చేతులూ రుద్దనివ్వలేదు. ఇద్దరూ బతికారు. వణుకు ఆగితే తేరుకోవడం కాదనీ, ఒంట్లో ఓపిక అయిపోవడమనీ, ఆ తర్వాతే మాట తప్పుతుందనీ నరసరావుపేట డాక్టరుగారు తర్వాత చెప్పారు. ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకుని మామా కోడళ్లు ఆ పొద్దున కలిసే బయల్దేరారట.

మతి తప్పిన మనిషి నిజం చెప్పాడు, మతి ఉన్న మేం లెక్కపెట్టి మరీ అబద్ధం చెప్పుకున్నాం. ఇది నాకు ఈనాటికీ మింగుడుపడదు. ఆ తర్వాత మా ఊరైనా పొరుగూరైనా తలకాయలన్నీ లెక్కపెట్టి, మధ్యలో కూర్చోబెడితేగానీ తాడు విప్పలేదు. ఊళ్లో వాళ్లను కూడా దొంగల్లా లెక్కపెడతావేందిరా అని మావాళ్లు కోప్పడ్డారు. దిగిపొమ్మన్నాను.

నెల తర్వాత రవణమ్మ రేవుకొచ్చింది. పైన అంతమందిమి ఉన్నాం గదా, ఎందుకు అరవలేదమ్మా అని అడిగాను.

"అరిచా అన్నా. ఇంతలో లెక్క సరిపోయిందని మీరు నవ్వుకోవటం ఇనపడింది. నేను లేకుండానే సరిపోయిందంటే, అప్పటికే చచ్చిపోయా కాబోలు అనుకున్నా. అందుకే అరవటం ఆపేశా. చెయ్యి మాత్రం నాకు తెలవకుండానే కొడతా ఉంది."