మేం మెచ్చుకున్న ముగింపు

ఎనభైల మొదట్లో నేను నరసరావుపేటలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు ఒక ప్లీడరు గారింట్లో ఐదుగురం చేరి, చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లం. అందరిలోకీ పెద్దాయన ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్. ఆయన్ని భాయ్ అని పిలిచేవాళ్లం. మరో ఇద్దరు స్కూలు మేష్టర్లు. ఆడదాన్ని నేనొక్కదాన్నే. అలా ఆరేళ్లు గడిచాయి.

ప్లీడరు గారు బాగా చదివేవారు. కష్టమైన ఘట్టం వస్తే ఆయన గొంతు పూడుకుపోయేది. ఇంత మెత్తని మనిషి కోర్టులో ఎలా నెగ్గుకొస్తున్నాడా అనుకునేదాన్ని.

ఆరో ఏటి వేసవిలో ఒక నవల తీసుకున్నాం. భర్త చేతిలో దెబ్బలు తినే ఇల్లాలి కథ. చివర అతను జబ్బుపడితే ఆమె అన్నీ మరిచిపోయి సేవ చేస్తుంది. ఆ పేజీలు ప్లీడరు గారు చదివి వినిపిస్తూ కళ్లు తుడుచుకున్నారు. మేష్టర్లిద్దరూ నిట్టూర్చారు.

"ఆమె గొప్పతనమంతా ఆ క్షమించడంలోనే ఉంది," అన్నాను నేను.

అప్పుడే ప్లీడరు గారి భార్య టీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. ఎప్పుడూ పళ్లెం పెట్టి లోపలికి వెళ్లిపోయే మనిషి ఆ రోజు అక్కడే నిలబడింది.

"ఆ పిల్లను కొట్టాడని ఏడుస్తన్నారు గదా," అంది భర్తతో. "మొన్న నన్నెందుకు కొట్టారో వీళ్లకి చెప్పండి."

నాకు అర్థం కాలేదు. పరాచికమనుకుని నవ్వబోయాను కూడా. ఆమె పళ్లెం కింద పెట్టి, మోచేతి దాకా ఉన్న జాకెట్టు చెయ్యి పైకి లాగింది. బెల్టు వెడల్పున నల్లగా కమిలిన చారలు.

"లోపలికి పో," అన్నారు ప్లీడరు గారు. అంతకు ముందు నిమిషం దాకా వణికిన గొంతేనా అది!

"పోను. మీరు కోర్టుకెళ్లాక నేనూ ఇయ్యన్నీ చదివా. చానా బాగా రాశాడు, ఆఖరు తప్ప. అట్టా ఏ ఆడదీ మర్చిపోదు. ఆ ముక్క రాసినోడికి దెబ్బంటే ఏందో తెలవదు." నా వైపు తిరిగింది. "నీకూ తెలవదులే అక్కా."

ఆరేళ్లుగా ఆమె వంటింట్లో పీట వేసుకుని కబుర్లు చెప్పినదాన్ని. మండుటెండల్లోనూ ఆమె పొడుగు చేతుల జాకెట్లు వేసుకుంటుంటే, పాతకాలపు పద్ధతి కాబోలు అనుకున్నాను. పుస్తకంలో ఆడదాని బాధకు గంటసేపు అర్థాలు చెప్పగలిగిన నాకు, పక్కన కూర్చున్న మనిషి ఒంటి మీది దెబ్బ కనపడలేదు.

భాయ్ లేచాడు. "ఏంది ప్లీడరు గారూ ఇది? ఇన్నేళ్లు మనం చదివిందేంది?"

ప్లీడరు గారు పుస్తకం మూశారు. భాయ్ ఆమెతో, "అమ్మా, ఎక్కడికన్నా పోవాలంటే చెప్పు, నేను దిగబెడతా," అన్నాడు. టీ ఎవరూ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆమె నాతో మా ఇంటికి వచ్చింది. మర్నాడు మాచర్ల నుంచి వాళ్లన్న వచ్చి తీసుకెళ్లాడు. పెద్దమనుషులు రెండుసార్లు రాజీ మాట్లాడినా ఆమె తిరిగి రాలేదు. అక్కడే బాలవాడిలో చిన్నపిల్లల్ని చూసుకునే పనిలో చేరింది.

మా ఆదివారాలు భాయ్ షెడ్డుకు మారాయి. మేష్టర్లలో ఒకాయన మాత్రం, "సంసారం గుట్టు నలుగురిలో పెట్టిందేంది ఆ మనిషి!" అని మానేశాడు. కథల్లో ఆడవాళ్ల తరఫున అందరికంటే గట్టిగా వాదించింది ఆయనే. నేను మళ్లీ నిర్ఘాంతపోయాను.

మేం చదివిన ప్రతి పుస్తకాన్నీ మాచర్ల బస్సు కండక్టరు చేత ఆమెకు పంపేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు లోపల ఒక కాగితం ఉండేది. "ఇందులో అత్త ఒక్కతే నిజం మాట్లాడింది, మిగతావాళ్లంతా ఉపన్యాసాలిచ్చారు" అని రాసిందోసారి. ఆ కాగితం చదివాకే భాయ్ తన అభిప్రాయం చెప్పేవాడు.

ఏడాది తర్వాత కూరగాయల బజారులో ప్లీడరు గారు ఎదురయ్యారు. తల తిప్పుకుని వెళ్లిపోతారనుకున్నాను. ఆయనే ఆగి, చిరునవ్వుతో పలకరించారు.

"ఈ మధ్య ఏం చదువుతున్నారండీ? మంచి నవలలేమన్నా వచ్చాయా?"

ఆ మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన జనంలో కలిసిపోయారు.