నేను స్నానం చేయించిన రాగి నాణెం

ఒక మంచి మనిషి ఏళ్ల తరబడి కంటికి రెప్పలా కాపాడుకున్న రాగి నాణేన్ని, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న ఒక మేధావి ఒక్క మధ్యాహ్నంలో ఎలా నాశనం చేశాడో చెబుతాను. ఆ మేధావిని నేనే కాబట్టి వివరాల మీద మీకు అనుమానం అక్కర్లేదు.

అరవైల చివరి మాట. యూనివర్సిటీలో చదువుతూ తార్నాకలో ఒక ఇంటి వెనక గదిలో ఉండేవాణ్ణి. ఇల్లుగలాయన ప్రకాశరావు మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బడిలో చరిత్ర చెబుతూ స్థిరపడ్డారు. ఆదివారం పొద్దున చర్చికి, మధ్యాహ్నం నాణేలకు. తక్కెడ బొమ్మ ఉన్న కుంఫిణీ కాలపు పైసలు, నిజాం కాలపు దమ్మిడీలు, ఒక్కొక్కదాన్నీ కాగితంలో పొట్లం కట్టి రేకు పెట్టెలో దాచేవారు.

"మా ఇంట్లో పొట్లం విప్పితే పోపుగింజలుండవు బాబూ, పైసలుంటాయి. అవీ చెల్లనివి" అనేవారు ఆయన భార్య సుగుణమ్మగారు.

ఆ పొట్లాలను చూసి నాకు జాలేసింది. "కాగితం పాతకాలం సార్, ఇప్పుడంతా ప్లాస్టిక్" అని చెప్పి, అబిడ్స్ వెళ్లి మెత్తటి ప్లాస్టిక్ అరలున్న ఆల్బం కొనుక్కొచ్చాను. నాణెం అరలోంచి తియ్యకుండానే రెండు వైపులా కనబడుతుంది. మాస్టారు మురిసిపోయి అన్నిటినీ అందులోకి మార్చారు. గోల్నాకలో ఎవరి ఇంటికో పునాది తవ్వుతుంటే దొరికిన నాణెం ఒకటి మాత్రం, బిళ్లలా మందంగా ఉండి, దాని అరలో పట్టలేదు. అది పొట్లంలోనే ఉండిపోయింది.

ఎండాకాలం గడిచింది, వానలింకా రాలేదు. యూనివర్సిటీలో చరిత్ర విభాగం వాళ్లు పాత నాణేల ప్రదర్శన పెడుతూ మాస్టారి నాణేలు అడిగారు. ఆయన ఉత్సాహంగా ఆల్బం తెరిచి, కాసేపటికి నన్ను పిలిచారు. పిలుపులో ప్రాణం లేదు.

"ఇదేమిటో చూడు బాబూ."

చూశాను. నాణేలన్నిటి మీదా పచ్చటి మరకలు.

"చిలుము సార్."

"పొట్లాల్లో ఇన్నేళ్లూ రాని చిలుము ఇప్పుడెందుకొచ్చింది?"

చాలా మంచి ప్రశ్న. సైన్సు చదివినవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను ఆగలేదు. "గాలిలో తేమ సార్" అన్నాను. తార్నాకలో అప్పటికి చినుకు పడి నెలలైంది.

"పోతుందా?"

"చిటికెలో."

గోల్నాక నాణెం మట్టిలోంచి వచ్చినప్పటినుంచీ పచ్చగానే ఉంది కదా అని, దాన్ని కూడా ఆల్బంతో పాటు సంచిలో వేసుకుని ల్యాబుకు వెళ్లాను. అక్కడ నా క్లాస్‌మేట్ యాదగిరి ఉన్నాడు. రోజూ వారాసిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే తక్కువ మాట్లాడి ఎక్కువ చూస్తాడు.

"ముందుగాల ఒక్కటి చేసి చూడురా" అన్నాడు.

ఆ ఒక్క మాట వినబట్టే మిగతావి బతికాయి. కానీ ఆ ఒక్కటీ ఏది? తక్కెడ బొమ్మ అన్నిటికంటే స్పష్టంగా ఉన్నదాన్నే ఎంచుకున్నాను. నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో ముంచి తీశాను. ఏళ్లు పట్టి వచ్చిన తాటిబెల్లం రంగు మొత్తం ఊడిపోయి, నాణెం గులాబీ రంగులో మెరుస్తూ బయటికొచ్చింది.

యాదగిరి వంగి చూశాడు. "అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల లెక్క ఉన్నదిరా."

మాస్టారికి ఏం చెప్పాలా అని నేను తలపట్టుకున్నాను. వాడి చూపు మాత్రం నాణెం మీదే ఉంది. "గీడ చూడు. పచ్చగున్న జాగల్నే యాసిడ్ అంటలే. చిలుమైతే ముందుగాల గదే కరగాలె కద. గిదేంది, జిడ్డు లెక్క జారుతున్నది?"

నిజమే. భయం పక్కకు పోయి కుతూహలం పట్టుకుంది. ఇద్దరం నాణేలన్నీ బల్ల మీద పరిచి అగ్గిపుల్లలతో గోకడం మొదలుపెట్టాం. గోల్నాక నాణెం మీది పచ్చదనం పొడిగా, గట్టిగా, రాగిలోకి వేళ్లు దిగినట్టుంది. అగ్గిపుల్ల విరిగింది గానీ అది కదల్లేదు. ఆల్బం నాణేల మీదిదేమో జిగటగా పుల్లకు అంటుకుని వచ్చింది. వాసన చూస్తే కొత్త రెయిన్‌కోటు.

"ఖాళీగున్న అర చూపియ్యి" అన్నాడు యాదగిరి.

గోల్నాక నాణేనికని వదిలి, అది పట్టక వాడని అర అది. వేలు పెట్టాను. అందులో ఏ నాణెం లేకపోయినా చెమట పట్టినట్టు జిడ్డుగా ఉంది. ప్లాస్టిక్కే కారుతోంది. ఆ కారిందే రాగికి తగిలి పచ్చబడింది.

జిడ్డును కరిగించే అసిటోన్‌ను దూదికి అద్ది తుడిచాం. ఆల్బం నాణేల పచ్చదనం దూదికి వచ్చేసింది, కింద పాత రంగు క్షేమంగా ఉంది. ఒకటి రెండింటి మీద మాత్రం ఆ జిడ్డు తిన్నచోట సన్నటి గుంటలు మిగిలాయి. గోల్నాక నాణెం ఎంత తుడిచినా చెక్కుచెదరలేదు. అసలైన చిలుము అదొక్కటే.

సాయంత్రం మాస్టారికి అంతా వివరించాను. తుడిచిన నాణేలు ముందు చూపించాను, ఎలుకపిల్లను చివరికి ఉంచాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అయితే తప్పు నాణేలది కాదు, ఆల్బానిది."

"అవును సార్."

"ఆ ఆల్బం మనింట్లోకి ఎలా వచ్చింది?"

వంటింట్లోంచి సుగుణమ్మగారు అందుకున్నారు. "గాలిలో తేమతో వచ్చుంటుందండీ."

అప్పుడు ఎలుకపిల్లను ఆయన చేతిలో పెట్టాను. మాస్టారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "దీన్ని కూడా ప్రదర్శనలో పెడదాం" అన్నారంతే.

ప్రదర్శన రోజున జనమంతా ఆ గులాబీ నాణెం చుట్టూనే మూగారు. కొందరు నవ్వుతున్నారు. సందు చేసుకుని వెళ్లి చూస్తే, దాని కింద అట్టముక్క మీద మాస్టారి ముత్యాల్లాంటి అక్షరాలు: "పైస. కాలం: కుంఫిణీ పాలన. ప్రస్తుత స్థితికి కారణం: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."

అక్కడే నిలబడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, పరీక్షించకుండా ఈ జన్మలో దేన్నీ ఇదీ అని తేల్చి చెప్పనని ఒట్టేసుకున్నాను.

మర్నాడు సుగుణమ్మగారు పచ్చబడిన ఇత్తడి చెంబు ఒకటి తెచ్చి, "ఇదేమిటి బాబూ?" అని అడిగారు.

"చెంబండీ" అన్నాను. పచ్చదనం సంగతి తేల్చడానికి అగ్గిపుల్ల తెచ్చుకున్నాను.