ఏడో భాగంలో మూలుగు

సీరియల్ చివర్లో తెర మీద దొర్లే పేర్లలో ‘కుక్క గొంతు’ అన్నచోట అతని పేరు ఉండాల్సింది. లేదు. కథానాయకుడికి డబ్బింగ్ చెప్పిన పెద్ద ఆర్టిస్టు పేరునే మనిషికీ కుక్కకీ కలిపి వేసేశారు. జాబితా టైపు చేసిన సౌండ్ ఇంజనీరుకు నిజం తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

స్టూడియోలో అందరూ అతన్ని గుంపాయన అంటారు. ఇరవై రెండేళ్లుగా గుంపులకే గొంతు ఇస్తున్నాడు. కోర్టులో గుసగుసలు, స్టేషన్లో తొక్కిసలాట, వీధిలో కేకలు. గుంపుకు చెప్పేవాళ్లు మైకుకు నాలుగడుగులు వెనక నిలబడాలి, నోరు తెరిచినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకోవాలి. ఏ ఒక్క గొంతూ విడిగా వినిపించకూడదు. అందులో అతన్ని మించినవాడు లేడు.

కుక్క ఉన్న ఆ జపాన్ యానిమే బొమ్మల సీరియల్ ఒక హాస్యకథ. ఒక గుమాస్తా చచ్చిపోయి, తనను కాల్చుకుతిన్న మేనేజరు ఇంట్లోనే పెంపుడు కుక్కగా పుడతాడు. కుక్క మనసులో మాటలన్నీ పెద్ద ఆర్టిస్టు చెప్పాడు. మొరగడం, ఆవలించడం, మూలగడం గుంపాయన వంతు. మైకు ముందు ఒక్కడే నిలబడటం అతనికి అదే మొదటిసారి. అడుగులు వెనక్కి పడుతుంటే ఇంజనీరు వచ్చి భుజాలు పట్టుకుని నిలబెట్టాడు.

విడుదలయ్యాక, మధ్యాహ్నం క్యాంటీన్ మూలబల్ల దగ్గర కూర్చుని ప్రేక్షకుల కామెంట్లు చదివేవాడు. ‘ఆ ఆవలింతకు నవ్వి నవ్వి పొలమారింది.’ ‘ఈ కుక్కని మా మేనేజరింటికి కూడా పంపండ్రా బాబూ.’ ‘ఏడో భాగంలో పోయిన జన్మలో తనదైన ఇంటి గుమ్మం ముందు మూలుగుతుంది చూడండి, ముద్ద గొంతు దిగలేదు.’ కిందంతా పెద్ద ఆర్టిస్టుకు దండాలు. ఆయన నోటి నుంచి ఒక్క ‘భౌ’ కూడా రాలేదు. దండాలు మాత్రం కాదనకుండా పుచ్చుకున్నాడు.

అక్క పోయాక గుంపాయనకు మిగిలింది మేనకోడలొక్కతే. వేరే ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆదివారం ఫోన్ చేసింది.

“మామయ్యా, ఆ కుక్క సీరియల్ చూశావా? నవ్వలేక చచ్చాననుకో.”

“అది నేనేనే.”

“ఏది నువ్వు?”

“కుక్క.”

అవతల పగలబడి నవ్వు. “చాల్లే! వేరే ఆయన పేరుందిగా. ఇంకా నయం, మేనేజరు పెళ్లాం కూడా నేనే అనలేదు!”

లోకం నమ్మకపోతే పీడాపోయింది. ఈ పిల్ల నమ్మితే చాలు. గదిలో తలుపు వేసి, ఫోను బల్లమీద పెట్టి, ఏడో భాగంలో మూలుగు రికార్డు చేసి పంపాడు.

“ఏమీ వినపడలేదు మామయ్యా. ఫ్యాను తిరుగుతోంది, అంతే.”

విని చూసుకున్నాడు. నిజమే. అలవాటుకొద్దీ బల్లకు నాలుగడుగులు వెనక నిలబడి, ముఖం గోడవైపు తిప్పి మూలిగాడు. ఈసారి ఫోను నోటి దగ్గరే పట్టుకుని పంపాడు.

“అచ్చం దించేశావు మామయ్యా! ఎన్నాళ్లు ప్రాక్టీసు చేశావేంటి?”



ఆ నెలాఖరున గుంపు గొంతులకు ఇక కంప్యూటరే చాలు, మనుషులు అక్కర్లేదని స్టూడియో చెప్పేసింది. సంచీ తీసుకుని వెళ్తుంటే నడవాలో ఇంజనీరు ఎదురయ్యాడు. వాళ్లు కలుసుకోవడం అదే ఆఖరు. మేనకోడలి సంగతి విని అతను తల దించుకున్నాడు.

“ఆ అమ్మాయి నంబరివ్వన్నా. నేనే ఫోన్ చేసి చెప్తా. పేరెలా పోయిందో కూడా చెప్తా.”

గుంపాయన నంబరు చూడటానికి ఫోను తీశాడు. తర్వాత జేబులో పెట్టేసుకున్నాడు.

“వద్దులే తమ్ముడూ. ఇప్పుడా పిల్ల హాయిగా నవ్వుతోంది. నిజమని తెలిస్తే, ఆ కుక్క మూలిగినప్పుడల్లా నేను గుర్తొస్తాను. ఇంక నవ్వదు.”